వంకర గీత మీద కుట్టు

బస్సు సగం దారిలో, పెట్రోలు బంకు పక్కన టీ కొట్టు ముందు ఆగింది. పది నిమిషాలే అని కండక్టరు కేకేశాడు. జనం బిలబిలా దిగిపోయారు. అందరికంటే ఆఖర్న లేచిన మనిషి తలుపు దాకా వచ్చి, కింది మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. కాలు కదల్లేదు. పాదాన్ని ఎవరో బస్సు రేకుకి వేసి కుట్టేసినట్టు అక్కడే ఉండిపోయింది. ఒళ్లు మాత్రం కాలు కోసం ఆగలేదు. చంకలో సంచితో సహా ఆయన కంకర మీద బోర్లా పడ్డాడు.

"పొద్దున్నే పట్టించేశాడు!" అన్నాడు కండక్టరు, టీ గ్లాసు అందుకుంటూ. "అన్నా, తాగి ఎక్కావా, ఎక్కి తాగావా?"

కొట్టు ముందున్నవాళ్లంతా పగలబడి నవ్వారు.

పుట్టి నలభై ఎనిమిదేళ్లయినా ఆ మనిషి నాలుక మీద సారా చుక్క పడలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు తిట్లు తిట్టి ఆ కండక్టరు మొహం వాచేలా చెయ్యాలనుకున్నాడు. కానీ ఈమధ్య మాట కూడా కాలులాగే తయారైంది. బుర్రలో పుట్టినప్పుడు అది పెద్ద కేక, నోటి దగ్గరికి వచ్చేసరికి ముద్దముద్దగా గొణుగుడు. ఆ గొణుగుడు విని జనం ఇంకాస్త నవ్వారు.

"నవ్వింది చాల్లే" అంది ఒక ఆడగొంతు. యాభై అయిదేళ్లుంటాయి, భారీ మనిషి, బల్ల మీద కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటోంది. "ఏవయ్యా కండక్టరూ, తాగినవాడు ఎలా పడతాడో ఎప్పుడన్నా సరిగ్గా చూశావా? కాళ్లు ఎడంగా వేసి, ఊగి, పక్కకి పడతాడు. ఈయన కాలు అతుక్కుపోయి ముందుకి పడ్డాడు. చూడ్డం చేతకానప్పుడు టిక్కెట్లు చింపుకో, సరిపోతుంది."

"మీరేమన్నా డాక్టరా?"

"కాదు. డాక్టర్లు మర్చిపోయినవి గుర్తుచేసే ఉద్యోగం."

ఆవిడ లేచి వచ్చింది. చెయ్యి మాత్రం అందించలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ముందు మోకాలు. తర్వాత చెయ్యి. లేవండి" అంది.

"కాస్త లేపితే మీ సొమ్మేం పోయింది?" అన్నాడు ఆయన.

"నా సొమ్మేం పోదు. మీ సత్తువ పోతుంది."

తిట్టుకుంటూ లేచాడు. అడుగు వెయ్యబోతే పాదం మళ్లీ మొరాయించింది. ఆవిడ చెప్పు కొనతో ఒక కంకర రాయిని ఆయన ముందుకి జరిపింది. "నడవకండి. ఆ రాయిని దాటండి, చాలు."

రాయిని చూశాడు. కాలు లేచింది, రాయిని దాటి అవతల పడింది. రెండో కాలు దాని వెనకే వచ్చింది. ఆయన అలాగే నిలబడిపోయాడు. సంతోషం కాదు వచ్చింది, ఒళ్లు తెలియని కోపం. ఆరు నెలలుగా ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. ఇది ఏడో ప్రయాణం. ఇన్నాళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఒక రాయి చూపించి దాటమన్న పాపాన పోలేదు.

*

దర్జీ కొట్టు ఏ దేశంలోనైనా దర్జీ కొట్టే. భాష తెలియని ఊళ్లో దారి తప్పినవాడు కూడా పేరు చదవకుండా గుర్తుపట్టేస్తాడు. మిషన్ల చప్పుడు, వేడి ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ వాసన, నేలంతా రంగురంగుల పేలికలు, కుట్టించుకున్నవాడు తిరిగిరాక ఏళ్ల తరబడి గోడకి వేలాడే ఒక కోటు. రాజుల చరిత్రలు రాసిన పండితులు ఆ రాజుల అంగీలు కత్తిరించినవాళ్ల పేర్లు రాయడం మర్చిపోయారు. గూని భుజాల ప్రభువులు పటాల్లో అంత నిటారుగా ఎలా నిలబడ్డారో ఆ పేర్లు తెలిస్తే అర్థమయ్యేది.

అలాంటి కొట్లో కత్తిరించే బల్ల ముందు ఇరవై ఆరేళ్లు నిలబడ్డాడు కంకర మీద పడ్డ ఆ మనిషి. అందుకే అందరూ ఆయన్ని మాస్టరు అంటారు. కొట్టు ఆయన భార్య అన్నగారిది, అంటే బావది. బల్ల కొట్టుది, కత్తెర మాస్టరుది. ఎవరి కత్తెర వాళ్లదే అన్నది ఆ వృత్తిలో రాయని చట్టం. ఇంకొకరి కత్తెర ముట్టుకోవడం ఇంకొకరి పళ్లతో నమలడం లాంటిదని ఆయన అనేవాడు.

ఆ కొట్టుకి ఇంకో చట్టం ఉండేది. దాన్ని మాస్టరే పెట్టాడు. గుడ్డ మీద సుద్దగీత గీసేది ఒక్కడు. మిషన్ల మీద కూర్చున్నవాళ్లు ఆ గీత మీదే కుట్టాలి. ఇదేమిటని అడగకూడదు, సొంత తెలివి వాడకూడదు. వయసులో ఉన్నప్పుడు గీత తప్పి కుట్టినవాడి వేళ్ల మీద కొలబద్దతో ఒక్కటిచ్చి, "బుర్ర నాది, చెయ్యి నీది. రెండూ నీవే అనుకుంటే బయట చాలా కొట్లున్నాయి" అనేవాడు. గర్వం ఉండేది. ఉండాల్సినంత పనితనం కూడా ఉండేది. కొలబద్ద ఆనించకుండా, మెడ నుంచి నడుం దాకా ఒక్క ఊపులో గీసేవాడు. సుద్ద ఎత్తాక చూస్తే దారం లాగి పట్టినట్టుండేది గీత.

ఆ గీత వణకడం మొదలైన సంగతి మాస్టరుకే అందరికంటే ఆఖర్న తెలిసింది.

కిటికీ పక్కన జేబుల తాత ఉండేవాడు. డెబ్భై దాటాయి. జేబులు తప్ప ఇంకేమీ కుట్టడు. కోటుకి ముందు జేబు పడాలి కాబట్టి కత్తిరించిన ప్రతి ముక్కా మొదట ఆయన చేతుల్లోకే వెళ్లేది. ఒకరోజు చంక కింద గీత సన్నగా అల్లల్లాడినట్టు కనిపించింది. తాత చుట్టూ చూసి, అరిగిపోయిన సుద్దముక్కతో దాన్ని సరిచేసి, అంచు చిన్న కత్తెరతో చెక్కి, పక్క మిషనుకి అందించాడు. మర్నాడు ఇంకోటి. అలా నాలుగు నెలలు. ఎవరికీ చెప్పలేదు. మాస్టరుకి అసలే చెప్పలేదు.

తర్వాత తాత కంటి ఆపరేషనుకి పది రోజులు సెలవు పెట్టాడు. ఆ పది రోజుల్లో ఒక కాలేజీ ప్రిన్సిపాలు పదవీ విరమణ సభకి కోటు కుట్టించుకున్నాడు. తొడుక్కుని అద్దం ముందు నిలబడి, కాసేపు చూసుకుని, "ఇదేమిటండీ, నా పొట్ట మీద అలలు లేచాయి?" అన్నాడు. నిజంగానే ముందు అంచు కొలనులో నీళ్లలా మెలికలు తిరిగి ఉంది.

బావ కుట్టినవాడి మీద విరుచుకుపడ్డాడు. కొత్తగా చేరినవాడతను. ఏమాత్రం బెదరలేదు.

"మాస్టరు గారి గీతండీ. ఒక్క నూలు కూడా తప్పలేదు. కావాలంటే విప్పి చూసుకోండి."

విప్పారు. కుట్టు కింద సుద్దగీత చెక్కుచెదరకుండా ఉంది. ఎన్ని మెలికలుంటే అన్ని మెలికలూ శ్రద్ధగా, భయభక్తులతో, అతి చక్కగా కుట్టి ఉన్నాయి. కొట్లో అందరి కళ్లూ మాస్టరు కుడిచేతి మీద పడ్డాయి. బల్ల మీద ఊరికే పెట్టి ఉన్న చెయ్యి దానంతటది వణుకుతోంది.

తాత తిరిగొచ్చాక విషయం బయటపడింది. మాస్టరుకి ప్రిన్సిపాలు మీద రాని కోపం తాత మీద వచ్చింది.

"నాలుగు నెలలు! ఒక్కసారన్నా చెవిలో వెయ్యాలనిపించలేదా?"

"నీ గీతకి మాట రాకూడదనుకున్నాన్రా నాయనా."

"మాట వస్తే రానీ! నాలుగు నెలల ముందే ఆసుపత్రికి పోయేవాణ్ణిగా? జాలిపడి నా గొంతు కోశావు."

తాత దారం ఎక్కించి ఉన్న సూదిలో మళ్లీ దారం ఎక్కించడానికి ప్రయత్నిస్తూ కూర్చున్నాడు.

బావ మాత్రం ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "చేతులు వణికేది ఎవరికి? పొద్దున పడకపోతే ఉండలేనివాళ్లకి. మా చెల్లెలి మొహం చూసి ఇన్నాళ్లూ అడగలేదు." కాదనాలనుకున్నాడు మాస్టరు. కాదంటే మరేమిటని అడుగుతారు. ఆ మరేమిటికి ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. దాన్ని తొమ్మిదేళ్లుగా పళ్ల వెనక దాచుకున్నాడు.

తాగుబోతుని జనం వేళాకోళం చేస్తారు, తిడతారు, మళ్లీ వాళ్లే రెక్కపట్టుకుని ఇంటికి చేరుస్తారు. హెచ్ఐవి ఉన్నవాడి గ్లాసు మాత్రం వేరే చోట బోర్లిస్తారు. ఈ లెక్క ఎవరూ నేర్పకుండానే ఆయనకి తెలుసు. అందుకే తాగుబోతు అన్న పేరుని ఇంకొకరి కోటులా తొడుక్కున్నాడు. కొలతలు సరిపోలేదు. అయినా విప్పలేదు.

*

ఆయనకి అది ఎలా వచ్చిందన్నది ఇక్కడ రాసేది లేదు. గుండెజబ్బు వచ్చినవాణ్ణి ఎలా వచ్చిందని నిలదియ్యరు. ఈ ఒక్క జబ్బుకి మాత్రం ప్రతివాడూ న్యాయమూర్తే. అడగాల్సిన హక్కు ఉన్న ఒకే ఒక్క మనిషి, ఆయన భార్య, తొమ్మిదేళ్ల కిందట అడిగింది. నెలరోజులు మాట్లాడలేదు. తన రక్తం పరీక్ష చేయించుకుంది, లేదని తేలింది. తర్వాత ఒకరోజు మాత్రల డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది. అక్కడితో ఆ సంగతి ముగిసింది.

ఏళ్ల తరబడి మాత్రలు సరిగ్గా వేసుకున్నాడు. ఒళ్లు నిక్షేపంగా ఉండేది. ఆపైన ఆసుపత్రివాళ్లు మందులిచ్చే కిటికీని లోపలి వరండా నుంచి ముందు హాల్లోకి మార్చారు. మార్చినవాడు బల్ల ముందు కూర్చుని సంతకం పెట్టి ఉంటాడు, ఆ హాల్లో ఎప్పుడూ నిలబడి ఉండడు. ఆ ఒక్క కిటికీకి మాత్రం ఎర్రరంగు వేశారు. గుమాస్తా కార్డు నంబరుతో పాటు ఇంటిపేరు కూడా హాలంతా వినిపించేలా పిలిచేవాడు. ఒకసారి వరసలో నిలబడి ఉండగా, తన దగ్గర చొక్కాలు కుట్టించుకునే మనిషి ఎక్స్‌రే కవరు పట్టుకుని ఎదురుగా వస్తూ కనిపించాడు. మాస్టరు వరసలోంచి తప్పుకుని స్తంభం వెనక్కి పోయాడు. అటునుంచి అటే బయటికి. మళ్లీ వెళ్లలేదు. పద్నాలుగు నెలలు ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. ఇంట్లో మాత్రం వేసుకుంటున్నానని చెప్పేవాడు.

ముందు కడుపు తేడా చేసింది. వీధి చివర డాక్టరు వాంతులు ఆగడానికి మాత్ర రాసిచ్చాడు, రోజుకి మూడు. తర్వాత చెయ్యి నెమ్మదించింది. గుండీ పెట్టుకోవడానికి పావుగంట. ఆ తర్వాత కాలు.

పెద్దాసుపత్రిలో నరాల విభాగం తూర్పున, హెచ్ఐవి మాత్రల విభాగం పడమర, మధ్యలో ఒక వాహనాల దారి. మొదటిసారి నరాల డాక్టరుకి అన్నీ దాచకుండా చెప్పాడు. ఆయన దస్త్రాన్ని వేలితో కూడా ముట్టుకోకుండా, పెన్ను కొనతో వెనక్కి నెట్టి, "మీది అటువైపు వాళ్లు చూడాలి" అన్నాడు. అటు వెళితే కొత్త గుమాస్తా, "చేతులూ కాళ్లూ మా దగ్గరెందుకు? ఇటు వెళ్లండి" అన్నాడు. ఆ దారిని మాస్టరు ఊగుతూ, తూలుతూ, కార్ల హారన్లు తింటూ ఎన్నిసార్లు దాటాడో లెక్కలేదు. నాలుగోసారికి విసిగిపోయి, నరాల విభాగంలో కొత్త దస్త్రం తెరిపించి, అసలు సంగతి దాచేశాడు. అప్పుడు కూర్చోబెట్టి చూశారు. చూసి, జబ్బు పేరు రాయాల్సిన చోట ఒక్క మాట రాశారు. మద్యం. దాని పక్కన ప్రశ్నార్థకం.

రాసినవాడు అడిగి ఉంటే ఆ ప్రశ్నార్థకం అవసరముండేది కాదు. అడగడానికి బద్ధకించినవాళ్ల కోసమే ఎవరో ఆ గుర్తుని కనిపెట్టినట్టుంది.

*

బస్సు మళ్లీ కదిలాక ఆవిడ వచ్చి మాస్టరు పక్క సీట్లో కూలబడింది. అదే ఆసుపత్రి కింది అంతస్తులో వ్యాయామం చేయించే విభాగం తనదని చెప్పింది. పక్షవాతం వచ్చినవాళ్లూ, తుంటి విరిగినవాళ్లూ ఆవిడని నడకమ్మ అంటారు.

"ఏం జబ్బన్నారు?"

"నరాల బలహీనత."

"నాతో అబద్ధమెందుకు? నేనేమన్నా మీ అత్తగారినా?" అని ఆవిడ సంచి వైపు చూసింది. "దస్త్రాలు రెండున్నాయి. ఒకటి పైకుంది. రెండోదాన్ని చంకలో బిడ్డలా అదుముకుంటున్నారు. అదివ్వండి."

ఇవ్వలేదు. మూడు మైళ్లు ఇవ్వలేదు. నాలుగో మైలురాయి దగ్గర, ఎందుకో ఆయనకే తెలియదు, తీసి ఆవిడ ఒళ్లోకి విసిరినట్టు పడేశాడు. ఆవిడ అట్ట మీది హెచ్ఐవి విభాగం గుర్తు చూసింది. పక్కకి జరగలేదు. వేలు తడిచేసుకుని పేజీలు తిప్పింది.

"పద్నాలుగు నెలలు మానేశారన్నమాట."

"మానలేదు. మానిపించారు."

"సరే, మానిపించారు. ఈ వాంతుల మాత్ర ఎవరిచ్చారు?"

"అదీ తప్పేనా?"

"తప్పో ఒప్పో చెప్పాల్సినవాళ్ల దగ్గరికే తీసుకెళతాను. ఇవాళ మీరు ఆ దారి దాటక్కర్లేదు. నరాలాయన్నే నేను దాటిస్తాను."

అన్నంత పనీ చేసింది. మాత్రల విభాగంలో సన్నగా, నిద్రలేని కళ్లతో ఒక డాక్టరమ్మ ఉంది. నడకమ్మ రెండు దస్త్రాలనీ ఆవిడ ముందు పక్కపక్కన పరిచింది. నరాల డాక్టరుని ఫోన్లో ఏమందో ఏమో, అరగంటలో ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఆరు నెలల్లో మొదటిసారి ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో, ఒకే మనిషి చేతిని చూశారు.

వేళ్లు ఆడించమన్నారు. బొటనవేలికి చూపుడువేలు తాటించమన్నారు. మడమకి బొటనవేలు ఆనించి నడవమన్నారు. రక్తం తీశారు, తలకి స్కానింగు రాశారు. మెదడులో గడ్డ లేదు, వేరే పురుగు లేదు అని తేలాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

"వైరస్ రక్తంలోనే ఉంటుందనుకుంటారు అందరూ. మందు ఆగిపోతే మెదడులో కూడా కాపురం పెడుతుంది. కదలికలు నడిపే చోటుని దెబ్బతీస్తుంది. అందుకే వణుకు, బిగుసుకోవడం, కాలు అతుక్కోవడం. దానికి తోడు ఆ వాంతుల మాత్ర. అది మామూలువాళ్లలోనే కొందరిని బిగదీస్తుంది, మీలాంటివాళ్లని మరీను. ఈ క్షణం నుంచి ఆపెయ్యండి."

"తగ్గుతుందా?"

"వైరస్ మందులు మళ్లీ మొదలుపెడదాం, ఏవి పనిచేస్తాయో పరీక్ష చేసి. అసలు వైద్యం అదే. కదలిక కోసం చిన్న మోతాదులో ఇంకో మాత్ర. వ్యాయామం ఈవిడ చేతుల్లో ఉంది. మొత్తం తగ్గుతుందని మాటివ్వను. చాలావరకు తగ్గొచ్చు."

"నా చెయ్యి నాకు కావాలి" అన్నాడు మాస్టరు. "బల్ల దగ్గర ఇప్పటికే ఇంకొకణ్ణి నిలబెట్టారు. మిగతాది ఏమైనా పోనీండి. గీత కావాలి."

నరాల డాక్టరు జేబులోంచి పెన్ను తీసి, మద్యం అన్న మాటని అడ్డంగా కొట్టేశాడు. క్షమించమని మాత్రం అనలేదు.

*

ఇంటికెళ్లి మాత్రలు మానేసిన సంగతి చెప్పాక అసలు తుఫాను మొదలైంది. భార్య ఏడవలేదు. కేకలెయ్యలేదు. ఇంట్లో ఉన్న ఒకే కుర్చీలో కూర్చుని, ఆయన్ని నిలబెట్టి మాట్లాడింది.

"ఎవరు, ఎప్పుడు అని నేను అడగట్లేదు. అది అప్పుడే అడిగేశా. ఇప్పుడడిగేది మాత్రల సంగతి. పద్నాలుగు నెలలు రోజూ నన్ను చూసి 'వేసుకున్నా' అన్నారు. ఏ నోటితో అన్నారు?"

"ఆ కిటికీ దగ్గర..."

"ఆ కిటికీ దగ్గర నేను నిలబడేదాన్ని! ఎర్రరంగో, ఏడురంగులో నాకేం? పేరు పెట్టి పిలిస్తే పలికేదాన్ని. మా అన్నయ్య మిమ్మల్ని తాగుబోతన్నాడు, మింగాను. పిన్ని కూతుళ్లు నన్ను చూసి జాలిపడ్డారు, అదీ మింగాను. మీరు మాత్రం రోజుకొక్క మాత్ర మింగలేకపోయారు."

మాస్టరు నిలబడే ఉన్నాడు, కాళ్లు పీకుతున్నా కూర్చోమని ఆవిడ అనలేదు. మర్నాటి నుంచి నెలకోసారి ఎర్రకిటికీ వరసలో ఆవిడే నిలబడింది. గుమాస్తా ఇంటిపేరు అరిచిన మొదటిరోజు, "బాబూ, నా చెవులు బాగానే ఉన్నాయి. నీ గొంతే చెడిపోయినట్టుంది, చూపించుకో" అంది. రెండో నెలకి నంబరు మాత్రమే పిలిచాడు.

కింది అంతస్తులో నడకమ్మ రాజ్యం. నేల మీద పసుపు రంగు టేపు ముక్కలు వరసగా అడ్డంగా అంటించి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ నడవాలి. మొదటిరోజే మాస్టరు నాలుగో టేపు దగ్గర ఆగిపోయాడు.

"కాలు అతుక్కుందా?"

"కాలు కాదు. ఇవి ఎంతెంత దూరం అన్నారు?"

"పద్దెనిమిది అంగుళాలు."

"మూడోది పదిహేడున్నర ఉంది. అయిదోది పందొమ్మిది. ఎవరు పెట్టారిది? ఇలాంటి కొలతలతో చొక్కా కుడితే ఒక చెయ్యి మోకాలి దాకా వస్తుంది."

"మా అటెండరు పెట్టాడు. నచ్చకపోతే మీరే పెట్టుకోండి."

వెటకారంగానే అంది. మాస్టరు మెడలోంచి కొలత టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, గొణుక్కుంటూ, వణికే చేత్తోనే అన్నీ పీకి మళ్లీ అంటించాడు. రెండు గంటలు పట్టింది. వంగి లేవడం, పక్కకి జరగడం, వేళ్లతో పీకడం, అదిమి అంటించడం. చివర్లో తలెత్తి చూస్తే నడకమ్మ తలుపుకి ఆనుకుని నవ్వుతోంది.

"ఇవాళ్టి వ్యాయామం అయిపోయింది. రేపు మళ్లీ పీకేసి ఉంచుతా."

"మీరు మహా మోసగత్తె" అన్నాడు మాస్టరు. కోపంగానే అన్నాడు.

కోపం ఆయనకి ఇంకో మందులా పనిచేసింది. చిన్న గీతలు వణుకుతాయి కాబట్టి పెద్ద గీతలు గియ్యమంది నడకమ్మ. గోడ నిండా పాత కాగితాలు అంటించి, భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలేలా, పైకి లెక్కపెడుతూ గీశాడు. ఒక్కో గీతకీ ఒక్కొక్కణ్ణి తలుచుకున్నాడు. ఇది కండక్టరుకి. ఇది పెన్ను కొనతో నెట్టినవాడికి. ఇది కిటికీకి రంగు వేయించినవాడికి. కొన్నిరోజులు గీత బావుండేది, కొన్నిరోజులు సుద్ద చేతిలోంచి జారి ముక్కలయ్యేది. మూడో నెలలో ఒకసారి ఏమీ కాలేదని సుద్దలన్నీ గోడకేసి కొట్టి వెళ్లిపోయాడు, వారం రాలేదు. నడకమ్మ కబురు పెట్టలేదు. ఎనిమిదో రోజు ఆయనే వచ్చాడు. రక్తంలో వైరస్ పరీక్షకి కూడా చిక్కనంత తగ్గిందని డాక్టరమ్మ చెప్పిన రోజు, ఆవిడ చూపిన కాగితం చూడకుండా తన చెయ్యే చూసుకుంటూ కూర్చున్నాడు. ఏడో నెలకి వణుకు పూర్తిగా పోలేదు. అలిసిపోతే వస్తుంది. కానీ మెడ నుంచి నడుం దాకా గీత వస్తోంది. పాత రోజుల్లోలా ఒక్క ఊపులో కాదు, నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి. అయినా తిన్నగా.

*

కొట్టుకి వెళ్లిన రోజు ఉదయం బావ ఎదురొచ్చి రెక్కపట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది. అప్పటికే ఇద్దరు ఖాతాదార్లు కూర్చుని ఉన్నారు.

"మా బావేనండీ! ఏడు నెలలైంది మానేసి. పెద్దాసుపత్రిలో ఉంచి మాన్పించాం."

మాన్పించాం! మాస్టరు పళ్లు పటపటమన్నాయి. రెక్క విదిలించుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు. కొత్తగా నిలబెట్టిన కత్తిరింపు మనిషి మర్యాదగా పక్కకి జరిగాడు. ముదురు నీలం కోటు గుడ్డ పరిచి ఉంది, పరీక్ష పెట్టినట్టు. మాస్టరు సంచిలోంచి తన కత్తెర తీశాడు. కొలతలు చూశాడు. సుద్ద అందుకుని గీశాడు. మిషన్లు నడుస్తూనే ఉన్నాయి గానీ, నడిపేవాళ్ల చూపులన్నీ సుద్ద వెంటే ఉన్నాయి. కత్తెర కరకరమంటూ గీత వెంబడి వెళ్లింది. ముందుభాగం విడివడి బల్ల మీద పడింది. జేబుల తాత దూరం నుంచే చూసి, తృప్తిగా ముక్కు చీదాడు.

"అద్గదీ!" అన్నాడు బావ. బల్ల మీదున్న కత్తెర మీద చెయ్యి వేశాడు. "బల్ల నీదే బావా, రేపటి నుంచి. ఒక్కటే అడుగుతా. నా చెయ్యి మీద చెయ్యేసి, అందరి ముందూ చెప్పు. ఇక జన్మలో మందు ముట్టనని."

"ముట్టందాన్ని ఇంకేం మానతాను?"

"అదిగో! ఒప్పుకోవడానికేం? నేనేమన్నా తిట్టానా, కొట్టానా?"

"ఒప్పుకుంటే సగం గెలిచినట్టేనండీ" అన్నాడు ఖాతాదార్లలో ఒకాయన, ఎవరూ అడక్కుండానే.

ఒక్క మాట. ముట్టను అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. ఆ మాట అంటే ఏడు నెలలు గోడ మీద గీసిన గీతలన్నీ ఈ బల్ల మీదికి వచ్చేస్తాయి. మాస్టరు బావ చేతి వైపు చూశాడు. తన కత్తెర మీద ఇంకొకడి చెయ్యి. ఎంత దయగా, ఎంత ధీమాగా పరుచుకుని ఉంది!

"నేను ఎప్పుడూ తాగలేదు" అన్నాడు. ఈసారి గొంతు గొణగలేదు. "నాకు హెచ్ఐవి ఉంది. తొమ్మిదేళ్లు దాటింది. అది మెదడుకెక్కి చెయ్యి వణికించింది. దానికే మందు వేసుకున్నాను, వేసుకుంటున్నాను, చచ్చేదాకా వేసుకుంటాను. మీ చెల్లెలికి తెలుసు. ఆవిడకి లేదు. ఇప్పుడు చెప్పు, నీ చెయ్యి మీద చెయ్యి వెయ్యమంటావా?"

మిషన్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. బావ కత్తెర మీంచి చెయ్యి తీసేశాడు. తీసి, ఆ అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నట్టు ఆయనకే తెలియదు. కానీ కొట్లో ప్రతివాడూ చూశాడు.

జేబుల తాత లేచి వచ్చి, కత్తిరించిన నీలం ముక్కని మడిచి భుజాన వేసుకున్నాడు.

"తాతా, అది అక్కడ పెట్టు" అన్నాడు బావ.

"ఎందుకు పెట్టాలి? గీత బాగానే ఉందిగా" అని తాత కిటికీ పక్కకి వెళ్లి కూర్చున్నాడు. ఆగిన మిషన్లన్నిటి మధ్యా ఒక్క మిషను టకటకా మొదలైంది.

బావ గొంతు తగ్గించాడు. "బావా, నామీద కోపం పెట్టుకోకు. నాకేం లేదు, ఖాతాదార్లున్నారు కదా... కొన్నాళ్లు ఇంటి దగ్గరే కూర్చుని కత్తిరించు. గుడ్డలు నేనే పంపిస్తా. ఎవరికీ తెలియక్కర్లేదు. కూర్చో, నెమ్మదిగా మాట్లాడుకుందాం."

మాస్టరు కత్తెరని గుడ్డలో చుట్టాడు. మిగిలిన సుద్ద జేబులో వేసుకున్నాడు. కొలత టేపు మెడలో ఉండనే ఉంది. కూర్చోలేదు. వెళ్లొస్తానన్న మాట బావతో గానీ, ఖాతాదార్లతో గానీ, తలవంచుకుని జేబు కుడుతున్న తాతతో గానీ అనలేదు. వీధిలోకి దిగి, వస్తున్న లారీకి చెయ్యి అడ్డం పెట్టి ఆపి, దాని ముందునుంచే రోడ్డు దాటాడు. బావ గుమ్మంలోకి వచ్చి పిలుస్తూనే ఉన్నాడు.